తూకం మాస్టారి అబద్ధం

పదకొండు గంటల ఇరవై నిమిషాలు. లాకప్ పక్కనున్న చిన్న గదిలో, బల్లకి అవతల కూర్చున్న ముసలాయన అదే మాట మూడోసారి అన్నాడు.

"తప్పు నాదేనమ్మా. కాగితం తెమ్మనండి, సంతకం పెట్టేస్తాను. మీరెందుకు శ్రమపడటం?"

గడియారమ్మకి ఒళ్ళు మండింది. ఇరవై రెండేళ్ళ పోలీసు ఉద్యోగంలో తప్పు చేసి కాదన్నవాళ్ళని వందలమందిని చూసింది. అది ఎవరి తప్పో ఇంకా తేలకముందే నెత్తిన వేసుకోవడానికి ఇంత తొందరపడే మనిషిని చూడటం మాత్రం ఇదే మొదలు.

ఆవిడ అసలు పేరు ఆ స్టేషన్‌లో ఎవరూ వాడరు. ఎక్కడికి వెళ్ళినా ముందు టైము చూసి నోటుబుక్కులో రాసుకునే అలవాటుకి, ఎస్సైగా ఉన్నప్పుడు కానిస్టేబుళ్ళు చాటుగా పెట్టుకున్న పేరది. మూడేళ్ళ క్రితం ఉద్యోగం పోయింది, పేరు మిగిలింది. ఇప్పుడు ప్రైవేటు డిటెక్టివ్‌గా అదే స్టేషన్‌కి వచ్చి, ఒకప్పుడు తను కేకలేసిన మనుషుల్నే బతిమాలి లోపలికి వెళ్ళాల్సిన గతి పట్టింది.

ముసలాయన్ని లోకం తూకం మాస్టారంటుంది. వర్క్‌షాప్‌లో ఫిట్టింగ్ నేర్పి రిటైరైన మనిషి. రిమోట్‌తో ఎగిరే మోడల్ విమానాలు కట్టడం ఆయన పిచ్చి. నిన్న ఆదివారం పొద్దున, క్లబ్బు మైదానంలో, ఎనిమిది కిలోల ఆయన విమానం గాల్లోకి లేచిన ఇరవై సెకన్లకే ముక్కు పైకెత్తి, గింగిరాలు కొట్టి, మాస్టారి ప్రాణస్నేహితుడైన క్లబ్బు సెక్రటరీ మీద పడింది. ఆస్పత్రికి చేరకుండానే ఆ మనిషి పోయాడు. విమానం తూకం సరిచూడకుండా ఎగరేశాడని మాస్టారి మీద కేసు. ఇవాళ నాలుగింటికి కోర్టులో హాజరు పరచాలి. ఆలోగా ఒప్పుకోలు కాగితం మీద సంతకం పడితే, మిగిలిన నాలుగేళ్ళ ఆయుష్షు జైల్లోనే గడిచిపోతుంది.

నిన్న సాయంత్రం ఆయన కూతురు గడియారమ్మ ఇంటికి వచ్చి ఏడ్చింది. కట్టుడు పళ్ళు తయారు చేసే ల్యాబ్‌లో పనామెకి. "నాన్న లాయర్ని కూడా వద్దంటున్నారు మేడమ్. తప్పు ఆయనది కాదని మీరే తేల్చాలి" అంది.

"సరే మాస్టారూ, సంతకం మీ ఇష్టం" అంది గడియారమ్మ గొంతు తగ్గించి. "నాకు మాత్రం ఒకటి చెప్పండి. తూకం ఎలా చూస్తారు?"

ముసలాయన తల ఎత్తాడు. వద్దనుకుంటూనే మొదలుపెట్టాడు. నలభై ఏళ్ళ పిచ్చి ఒక్క రాత్రి లాకప్‌లో ఉన్నంత మాత్రాన వదులుతుందా?

"పుస్తకాల్లో గురుత్వ కేంద్రం అంటారు. నేను తూకం అంటాను. రెక్క ముందు అంచు నుంచి వంద మిల్లీమీటర్లు వెనక్కి కొలిచి, ఆ రెక్కకొకటి ఈ రెక్కకొకటి గుర్తు పెడతాను. ఆ గుర్తుల మీద వేళ్ళు ఆనించి లేపితే విమానం నిలబడాలి. మాది పొట్ట కింద రెక్క ఉన్న విమానం, బరువంతా పైనుంటుంది. తిన్నగా లేపితే వేళ్ళ మీద దొర్లిపోతుంది. అందుకని తలకిందులుగా తిప్పి చూడాలి."

"నిలబడితే చాలా?"

"చాలదు. ముక్కు వెంట్రుకవాసి కిందకి వంగాలి. ముక్కు బరువెక్కితే విమానం బద్ధకిస్తుంది, అంతే. తోక బరువెక్కిందా, ఇక అది మన మాట వినదు. చాలకపోతే ముక్కులో సీసం ముక్కలు అంటించి మూతేస్తాం. తూకం చూసేముందు తోక పైకెత్తి, ముక్కు వంచి, ట్యాంకులో చుక్క లేకుండా వంపేస్తాను. ఇంధనం అయిపోయేదే కదా, దాన్ని నమ్ముకుని తూకం కట్టకూడదు."

"ప్రతిసారీ అలాగే చేస్తారా?"

"నలభై ఏళ్ళుగా" అన్నాడు మాస్టారు గర్వంగా. అనగానే నాలిక్కరుచుకున్నాడు. "నిన్న చెయ్యలేదమ్మా. మర్చిపోయాను."

గడియారమ్మ ఫోన్ తీసి వీడియో పెట్టి బల్ల మీదుగా జరిపింది. క్లబ్బులో ఒకాయన తీసిన వీడియో అది. ముసలాయన ఫోన్‌ని చేతి దూరంలో పట్టుకుని, సన్నని గొట్టంలోంచి చూస్తున్నట్టు, తల అటూ ఇటూ తిప్పుతూ చూశాడు. తెర మీద ఆయనే ఉన్నాడు. తోక పైకెత్తి ఇంధనం వంపాడు, విమానాన్ని తలకిందులు చేశాడు, రెండు వేళ్ళ మీద లేపాడు. ముక్కు బుద్ధిగా కాస్త వంగింది.

"ఆరు యాభై ఎనిమిదికి తీసింది" అంది గడియారమ్మ.

"ఇది పాతది."

"వెనకాల సెక్రటరీగారు నిలబడి ఉన్నారు. ఆ గళ్ళ చొక్కాతోనే ఆస్పత్రికి తీసుకెళ్ళారు. పాతదెలా అవుతుంది?"

మాస్టారు ఫోన్ వెనక్కి తోశాడు.

"ఏడు పన్నెండుకి విమానం కూలింది" అంది ఆవిడ వదలకుండా. "పక్కన ప్రాణస్నేహితుడు రక్తం మడుగులో ఉన్నాడు. మీరు ఆయన దగ్గరికి వెళ్ళలేదు. విమానం తోక దగ్గరికి పరిగెత్తి, మోకాళ్ళ మీద కూర్చుని, చేత్తో తడిమారు. అది కూడా ఇందులో ఉంది. ఎందుకు?"

"గడ్డి తిని" అన్నాడు ముసలాయన. "మా అమ్మాయికి చెప్పండి, ఇంటికెళ్ళి తలుపేసుకుని కూర్చోమని. మీరూ వెళ్ళండి. ఇక నన్నేమీ అడక్కండి."

ఇదేం అబద్ధం? తనని తాను ముంచుకోవడానికి ఎవడైనా అబద్ధమాడతాడా? ఆ ప్రశ్న నమిలి మింగేలోపే తలుపు తెరుచుకుంది.

"ఇరవై ఐదు నిమిషాలైంది వదినగారూ" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "గడియారం మీకు నేను చూపించాలా?"

వదినగారు! ఆ పిలుపు ఆవిడకి ఇప్పటికీ గిట్టదు. ఇన్‌స్పెక్టర్ ఆవిడ సొంత చెల్లెలి మొగుడు. ఆవిడ కిందే ట్రైనింగ్ అయ్యాడు, ఆవిడే సంబంధం కుదిర్చింది. మూడేళ్ళ క్రితం, లాకప్‌లో పోలీసులే ఒక ఖైదీని కొట్టి చంపిన సంగతి ఆవిడ ఉన్నదున్నట్టు రాస్తే, ఎంక్వయిరీలో ఈ మరిదే ఎదురు సాక్ష్యం చెప్పాడు. ఆవిడ ఇంటికి పోయింది, ఇతను ఆవిడ కుర్చీలోకి వచ్చాడు. అక్కాచెల్లెళ్ళు అప్పటినుంచి ఫోన్లో ఆరోగ్యాలు అడిగి పెట్టేస్తారు, అంతకుమించి మాటల్లేవు.

"శకలాలు చూడాలి. కోర్టు అనుమతి ఉంది" అంది గడియారమ్మ, కాగితం అతని ఛాతీకి దాదాపు ఆనించి.

"చూడండి. చూసి ఏడవండి. కేసు ఎప్పుడో తేలిపోయింది."

పదకొండు యాభై రెండు. స్వాధీనం చేసుకున్న సామాన్లు పెట్టే గదిలో, పాత సైకిళ్ళకీ పగిలిన టీవీలకీ మధ్య, నేల మీద గోనెపట్టా పరిచి విమానం ముక్కలు పోశారు. ఒక రెక్క బాగానే ఉంది. రెండోది పుల్లలు పుల్లలైంది. ముక్కు అణిగిపోయింది. తోక విడిగా పడి ఉంది.

"మోడల్ విమానాలమ్మే షాపతన్ని పిలిపించి చూపించాను" అన్నాడు ఇన్‌స్పెక్టర్ గుమ్మానికి ఆనుకుని. "ముక్కులో ఉండాల్సిన సీసం లేదు. సరిగ్గా అంటించలేదు, గాల్లో ఊడిపోయింది, తోక బరువైంది. నిర్లక్ష్యం. అయిపోయింది."

"ఊడిన సీసం దొరికిందా?"

"ఎకరాల మైదానం. ఎవడు వెతుకుతాడు?"

"మూత బిగించే ఉంది కదా. బిగించిన మూతలోంచి ఎలా ఊడి పడింది? మంత్రమేశారా?"

గడియారమ్మ చేతి తొడుగులు వేసుకుని గొంతుక్కూర్చుని, నలిగిన ముక్కు మూత స్క్రూలు విప్పింది. లోపల గట్టిపడిన జిగురు పొర ఉంది. సీసం ముక్కలు కూర్చున్న గుంటలు నాలుగు అందులో స్పష్టంగా కనిపించాయి. దెబ్బకి ఊడితే జిగురు పెచ్చులు పెచ్చులుగా లేవాలి. ఇక్కడ అంచులు నున్నగా కరిగి ఉన్నాయి. ఎవరో వేడి చేసిన కత్తితో, తీరిగ్గా, ఒక్కొక్క ముక్కా కోసి తీశారు.

ఆవిడ, పక్కనే కవర్లో ఉన్న మాస్టారి నోటుబుక్కు అడిగి తీసుకుంది. ప్రతి విమానానికీ ఒక పేజీ ఉంది. ఈ విమానం పేజీలో బొమ్మ గీసి, పక్కన ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నాడు: ముక్కులో సీసం 240 గ్రాములు. శనివారం సాయంత్రం ఆరున్నర, తూకం సరి.

"సీసం తీసేస్తే శనివారం తూకం సరి ఎలా అయ్యింది?" అంది. "నిన్న పొద్దున వేళ్ళ మీద ముక్కు ఎలా వంగింది?"

"అబద్ధం రాసుకున్నాడు."

"వీడియో కూడా అబద్ధం రాసుకుందా?"

పొట్టలోంచి తోక దాకా ప్లాస్టిక్ గొట్టాలు వెళ్ళాయి. బొమ్మలో రెండే గొట్టాలున్నాయి. ఒకటి చుక్కాని తిప్పే తీగకి, ఒకటి తోక పలక ఎత్తి దించే తీగకి. ఆవిడ లెక్కపెట్టింది. మూడు. మూడోది మిగతావాటికన్నా లావు, ముక్కు నుంచే మొదలైంది, అందులో తీగ లేదు. తోక ముక్కని చేతిలోకి తీసుకుంటే బరువు ఒకవైపే లాగింది. కత్తితో గొట్టం చీల్చింది.

వేలంత లావున, జానెడు లోపు పొడుగున, ఒక సీసపు కడ్డీ ఆవిడ అరచేతిలోకి జారింది. రెండు కొసలూ గుండ్రంగా నునుపు దేలి ఉన్నాయి. కడ్డీ ఒంటి మీద సన్నని తెల్లపొడి ఉంది. గొట్టం చివర మెత్తగా, గులాబీ రంగులో ఏదో కూరి ఉంది.

మూలనున్న తక్కెడ మీద పెట్టింది. సరిగ్గా 240.

ఇన్‌స్పెక్టర్ గుమ్మం వదిలి లోపలికొచ్చాడు.

"ముక్కులోంచి తీసిన బరువుకి సరిపడా కడ్డీ పోత పోసి, గొట్టంలో వదిలారు" అంది గడియారమ్మ. "మాస్టారు తూకానికి ముందు ప్రతిసారీ తోక పైకెత్తి ఇంధనం వంపుతాడు. అప్పుడు కడ్డీ జారి ముక్కులోకి వస్తుంది. తర్వాత వేళ్ళ మీద పెట్టినా ముక్కు కిందకే వంగి ఉంటుంది కాబట్టి అక్కడే ఉంటుంది. తూకం సరి. తూకం సరిపోతే మూత తీసి చూసే పనేముంది? విమానం నేల వదిలి ముక్కు పైకెత్తగానే కడ్డీ వెనక్కి జారింది. పావుకిలో బరువు ఒక్కసారి తోకలోకి పోయింది. ఆ తర్వాత దాన్ని దింపడం ఎవరి వల్లా కాదు. ఇది నిర్లక్ష్యం కాదు. ఎవరో ఆయన విమానాన్ని కావాలని పాడుచేశారు."

చాలా రోజుల తర్వాత ఆవిడకి పనిచేసిన తృప్తి కలిగింది. అది అర నిమిషం కూడా నిలవలేదు. ఇన్‌స్పెక్టర్ నవ్వుతున్నాడు.

"ఆయన విమానాలు కట్టుకునే షెడ్డు తాళం ఎవరి దగ్గరుంటుంది వదినగారూ?"

"మాస్టారి దగ్గర."

"ఇంకెవరి దగ్గర?"

ఆవిడ చేతి తొడుగులు విప్పసాగింది.

"పోయిన నెల కమిటీ మీటింగులో సెక్రటరీ లేచి, మాస్టారికి కళ్ళు ఆనడం లేదు, ఎగరేయడం ఆపించాలన్నాడు. పెద్ద రభస అయ్యింది. మినిట్స్ నా దగ్గరున్నాయి. నేను అనవసరంగా చిన్న కేసు పెట్టాను."

"పిచ్చిమాట. తోక బరువెక్కిన విమానం ఎవరి మీద పడుతుందో ముందే ఎవరికి తెలుస్తుంది?"

"రిమోట్ ఎవడి చేతిలో ఉందో వాడికి తెలుస్తుంది." అతను కడ్డీని కవర్లో వేసి సీలు వేయించాడు. "నిర్లక్ష్యం కేసుని హత్య కేసు చేసిపెట్టారు. మీ మేలు ఎలా మరచిపోను?"

"ఆ గులాబీ రంగుది ఏంటో చూశావా?"

"ఏదో బబుల్ గమ్. మీరిక దయచేయండి."

గడియారమ్మ బయటికొచ్చి మెట్ల మీద నిలబడింది. పన్నెండు నలభై. ఆ గులాబీ రంగు ఆవిడకి తెలుసు. అమ్మకి పళ్ళ సెట్టు కట్టించినప్పుడు చూసింది. ముందు మైనంతో చిగుళ్ళు చేసి కొలత చూస్తారు. ఆ మైనం రంగు సరిగ్గా అదే. ఎవరికోసం ఆ ముసలాయన అబద్ధమాడుతున్నాడో ఇప్పుడు ఒకర్ని అడిగి తెలుసుకోవాల్సిన అవసరం లేదు. ఆవిడ తనని నియమించిన మనిషి దగ్గరికే బయల్దేరింది.

రెండు గంటల పది నిమిషాలు. ల్యాబ్‌లో సుద్దపొడి వాసన. అరల నిండా పేర్ల చీటీలు అంటించిన దవడ అచ్చులు. కూతురు మూల బల్ల దగ్గర కూర్చుని, చిన్న బర్నర్ మంట మీద చాకు వేడి చేసి, గులాబీ మైనంలో చిగుళ్ళు దిద్దుతోంది. ఆవిణ్ణి చూడగానే లేచింది.

"ఏమైంది మేడమ్? నాన్న తప్పు లేదని తేలిందా?"

"తేలింది. కూర్చో." గడియారమ్మ స్టూలు లాక్కుంది. "సీసం కడ్డీ ఇక్కడే పోశావా?"

ఆ పిల్ల చేతిలో చాకు కాసేపు అలాగే మంటలో ఉండిపోయింది. తర్వాత బర్నర్ ఆపేసింది. ముప్ఫై నాలుగేళ్ళ మనిషి, ఒక్క క్షణంలో పదేళ్ళు పెద్దదైనట్టు కూలబడింది.

"బుధవారం నాన్న కంటి డాక్టరు దగ్గరికెళ్ళారు. చొక్కా మార్చుకోవడంలో షెడ్డు తాళం చెవి పాత చొక్కా జేబులో వదిలేశారు. రెండు గంటలు దొరికింది." ఆమె గొంతు చాలా మెల్లగా ఉంది. "నీటికాసులు మేడమ్. రెండు కళ్ళూ పక్కల నుంచి మూసుకుపోతున్నాయి. ఆకాశంలో విమానం కనపడక, శబ్దం విని ఎగరేస్తున్నారు. బతిమాలాను, అలిగాను, అన్నం మానేశాను. చచ్చాక మానేస్తాలే అన్నారు. సెక్రటరీ బాబాయ్ చేత మీటింగులో చెప్పించింది కూడా నేనే. బాబాయ్ మీద విరుచుకుపడ్డారు, మళ్ళీ మర్నాడే ఇద్దరూ కలిసి టీ తాగారు. ఇక ఒకటే దారి కనిపించింది."

"అందరి ముందూ కూలిపోవాలి."

"తూకం మాస్టారి విమానం తూకం తప్పి కూలిందంటే, ఆ సిగ్గుకైనా రిమోట్ పక్కన పెడతారనుకున్నాను. పెద్ద మైదానం. అందరూ రేకుల పందిరి కింద కూర్చుంటారు. నాన్న ఎప్పుడూ గాలికి ఎదురుగా, తనకి దూరంగా ఎగరేస్తారు. ఎదురుగా ఖాళీ నేల మీద పడుతుందని లెక్క వేసుకున్నాను."

"సెక్రటరీ రేకుల కింద లేడు."

"నాన్నకి కళ్ళు ఆనడం లేదని పక్కనే నిలబడి, ఎడమకి, కుడికి అని చెప్తున్నాడట. ఎవరికీ తెలియకుండా నెలరోజులుగా అలాగే చేస్తున్నాడట. నాకెవరు చెప్పారు మేడమ్? నాకెవరైనా చెప్పారా?"

ఆమె ఏడ్చింది. గడియారమ్మ ఓదార్చలేదు. ఓదార్చడానికి ఏముంది? నాన్నని బతికించుకోవాలని, నాన్నకి కళ్ళై నిలబడ్డవాణ్ణి చంపుకుంది.

"మరి నన్నెందుకు పిలిచావు?"

"నాన్న తన తూకమే తప్పిందని నమ్ముతున్నారు. ఆ నమ్మకంతో జైలుకెళ్తే అక్కడే చచ్చిపోతారు. ఆయన తప్పు కాదని ఎవరో ఒకరు తేలిస్తే చాలనుకున్నాను. నా దాకా వస్తుందనుకోలేదు."

"ఆయన అలా నమ్మడం లేదు" అంది గడియారమ్మ. చెప్పాలనిపించలేదు, అయినా చెప్పింది. "ముక్కు లేవగానే ఆయనకి అర్థమైపోయింది, బరువు లోపల కదిలిందని. కూలగానే వెళ్ళి తోక తడిమారు. తను పెట్టని మూడో గొట్టం, దాని కొసన మెత్తని మైనం చేతికి తగిలి ఉంటాయి. అప్పట్నుంచీ సంతకం పెడతాను, సంతకం పెడతాను అని ఒకటే గొడవ. ఆయనకి తెలుసమ్మా. అది నీ పనేనని తెలుసు."

ఆ పిల్ల ఏడుపు ఠక్కున ఆగిపోయింది.

గడియారమ్మ ఫోన్ మోగింది. రెండు నలభై ఆరు.

"శుభవార్త వదినగారూ" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "కడ్డీ చూపించాను. ముసలాడు ఒక్క మాట ఎదురు చెప్పలేదు. మీటింగులో పరువు తీశాడని పగపట్టి నేనే పెట్టాను, కావాలనే అతని మీదకి తిప్పాను అని రాసి సంతకం పెట్టాడు. హత్య. నాలుగింటికి కోర్టు."

ఆవిడ ఫోన్ పెట్టేసింది. పక్కనున్న మనిషికి అంతా వినపడింది. ఆ పిల్ల బల్ల సొరుగు లాగి కడ్డీ పోసిన అచ్చు చూపించి, ఏప్రన్ విప్పి మేకుకి తగిలించి, చేతులు కడుక్కుంది.

"పదండి మేడమ్."

మూడు ఇరవై ఐదుకి స్టేషన్‌లో అడుగుపెట్టారు. ముసలాయన బెంచీ మీద ఉన్నాడు, వ్యాన్ కోసం సిద్ధంగా. కూతురు ఇన్‌స్పెక్టర్ బల్ల ముందు నిలబడి, బుధవారం నుంచి ఆదివారం దాకా, తాళం చెవి, వేడి చాకు, గొట్టం, కడ్డీ, అన్నీ వరసగా చెప్పింది. ఎక్కడా తడబడలేదు. ఇన్‌స్పెక్టర్ పెన్ను తిప్పుతూ విన్నాడు. చివర్న మాస్టారి వైపు చూశాడు.

మాస్టారు నవ్వాడు. ఆ రోజంతటిలో నవ్వడం అదే మొదలు.

"దీనికా? తూకమా?" అన్నాడు. "ఆడపిల్లకి ఇవన్నీ ఎందుకని షెడ్డు గడప కూడా తొక్కనివ్వలేదు సార్. సుత్తి ఏదో పటకారు ఏదో తెలీదు దీనికి. నన్ను విడిపించుకోవాలని కథలల్లుతోంది. మీ వదినగారు నేర్పి తీసుకొచ్చినట్టున్నారు."

"నాన్నా" అంది కూతురు. "మూడో తరగతిలో నా వేళ్ళు పట్టుకుని రెక్క కింద పెట్టింది నువ్వు కాదూ? ముక్కు ఎందుకు వంగాలో చెప్పింది నువ్వు కాదూ? నాకు నేర్పినంత బాగా ఏ శిష్యుడికీ నేర్పలేదని బాబాయ్‌తో..."

"నేనా? నీకా? ఎప్పుడు?"

అంత తేలిగ్గా అనేశాడు. మొహంలో ఒక్క గీత కదల్లేదు. కూతురు చెంపదెబ్బ తిన్నట్టు వెనక్కి జరిగింది. హత్య ఒప్పుకోవడం కన్నా ఆ మాట అనడానికే ముసలాయనకి ఎక్కువ బలం కావలసి వచ్చిందని గడియారమ్మకి తెలుసు. ఒళ్ళో ఆయన రెండు చేతులూ ఆవిడ వైపు తిరిగి జోడించి ఉన్నాయి.

ఇన్‌స్పెక్టర్‌కి కావలసింది దొరికింది. సంతకం ఉంది, పగ ఉంది, కోర్టుకి టైము ఉంది. కొత్త ముద్దాయితో మళ్ళీ మొదటినుంచి రాసుకోవడం ఎవడికి ఇష్టం?

"చూశారా వదినగారూ? తండ్రే కాదంటున్నాడు" అన్నాడు లేస్తూ. "పోనీ మీరు చెప్పండి. వీళ్ళిద్దర్లో ఎవరు నిజం? మీకు నిజం పిచ్చి కదా."

నోరు మూసుకుంటే చాలు. కళ్ళు పోతున్న ముసలాయన, ఎంతకాలం బతుకుతాడు? పిల్ల ముందు సగం జీవితం ఉంది. మూడేళ్ళ క్రితం ఇదే గదిలో, ఒక్కసారి నోరు మూసుకుని ఉంటే నీ బతుకు వేరుగా ఉండేదక్కా అని చెల్లెలు ఎన్నిసార్లు అనలేదు? కానీ ఆయన ఒప్పుకుంది హత్య. జరగని హత్య. ఆ పిల్ల చేసింది హత్య కాదు. నోరు మూసుకుంటే, ప్రాణమిచ్చిన స్నేహితుణ్ణి పగబట్టి చంపినవాడిగా ఆ మనిషి పోతాడు, ఆ సంగతి తెలిసి ఈ పిల్ల రోజూ చస్తుంది. ఇలా ఎన్ని చెప్పుకున్నా, గడియారమ్మకి ఆ జోడించిన చేతుల వైపు చూసే ధైర్యం మాత్రం రాలేదు.

"ఆ కాగితం పక్కన పెట్టు" అంది. "నువ్వు బబుల్ గమ్ అన్నది కట్టుడు పళ్ళ మైనం. ల్యాబ్‌కి పంపు, తేలుతుంది. కడ్డీ పోసిన అచ్చు ఆ పిల్ల బల్ల సొరుగులో ఉంది, నేను చూసే వచ్చాను. ముసలాయన మనిషి మీదకి తిప్పలేదు. రిమోట్ మీటలు వెనక్కీ ముందుకీ ఎలా తోశాడో వీడియోలో ఉంది, ఆపాలని చూశాడు. అమ్మాయి చెప్పిందే రాసుకో. చంపాలని చెయ్యలేదన్నది కూడా రాయి. ఒక్క ముక్క వదిలినా నాలుగింటికి నేనే కోర్టులో చదువుతాను."

ఇన్‌స్పెక్టర్ మొహం మాడిపోయింది. సొరుగులోంచి కొత్త కాగితం తీశాడు.

"నీ నోరు పడిపోను" అన్నాడు మాస్టారు. కేక కాదు, గొణుగుడు. "నా కొంపలో దీపం ఆర్పేశావు గదే. నీకేం అపకారం చేశాం? నీ నోరు పడిపోను."

కూతురు వచ్చి గడియారమ్మ చెయ్యి పట్టుకుంది.

"థాంక్స్ మేడమ్" అంది. "నాన్నని ఇంటికి మీరే తీసుకెళ్ళండి, ఒక్కరూ బస్సెక్కలేరు. కంటి చుక్కలు ఫ్రిజ్‌లో ఉన్నాయి. పొద్దున ఏడింటికి, సాయంత్రం ఏడింటికి. ఎడమ కంటికి రెండు, కుడికి ఒకటి. తనంతట తను వేసుకుంటే చుక్క కంట్లో పడదు, ఎవరో ఒకరు వెయ్యాలి. ఒక్క పూట కూడా మానకూడదన్నారు డాక్టరు. ఉన్న చూపైనా నిలబడాలంటే..."

"చుక్కలు అక్కర్లేదు" అన్నాడు మాస్టారు గోడవైపు తిరిగి. "ఇక చూడ్డానికి ఏముందని?"